2012 ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 రాదంట, లినక్స్ వేస్తే ఇంట్ల వాళ్లు వాడగలుగుతరా?

మానుకోట_మహేష్
మా బాపు వాడే ల్యాప్‌టాప్ 2012ల కొన్నది. ఐ3 2350ఎం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 10 నడుస్తున్నది. 2025 అక్టోబర్ 14తోని సపోర్ట్ అయిపోయిందని మెసేజ్ వస్తనే ఉన్నది, విండోస్ 11కు ఈ మిషన్ పనికిరాదని కూడ అదే చెప్తున్నది. సర్వీస్ షాపుకు తీస్కపోతే ఆయన మూత తెర్వకుండనే "ఇది స్క్రాప్, రెండు వేలిస్త, కొత్తది తీస్కో" అన్నడు. నాకైతే మనసొప్పుత లేదు. స్క్రీన్ మంచిగున్నది, కీబోర్డ్‌ల ఒక్క బటన్ పోలే. బాపు చూసేది యూట్యూబ్‌ల ప్రవచనాలు, న్యూస్ పేపర్, అప్పుడప్పుడు భూముల రికార్డులు చూసే భూభారతి సైట్. చెల్లె డిగ్రీ ప్రాజెక్ట్ రాసుకుంటది. బ్యాంక్ పని కూడ దీంట్లనే, అందుకే సపోర్ట్ లేని విండోస్ అంటే భయమైతున్నది. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఓఎస్ (కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) వేస్తే వీళ్లు వాడుకోగలుగుతరా? ఏది వెయ్యాలె? వాడినోళ్లు చెప్పుండ్రి.

గోదారి_గట్టు
లినక్స్ దాకా ఎందుకండీ? రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు, విండోస్ 11 అడిగే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా చెక్‌లు తీసెయ్యమని టిక్ పెట్టే చోటుంటుంది. పెట్టేస్తే విండోస్ 11 ఎక్కేస్తుంది. మా అబ్బాయి మూడో తరం ఐ5లో అదే వేశాం, బాగానే తిరుగుతోంది. పెద్దాయనకి అలవాటైన స్క్రీన్ మార్చి ఇబ్బంది పెట్టడం దేనికి?

టెర్మినల్_తాత
గట్టు గారూ, ఎక్కడం వేరు, నిలబడడం వేరు. అర్హత లేని మిషన్లకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే రాసింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది దిగదు, మళ్లీ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాలి. మహేష్ ఊళ్లో లేనప్పుడు ఆ పని ఎవరు చేస్తారు? పైగా రెండో తరం ప్రాసెసర్‌లో ఉండే హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్‌కి ఇంటెల్ విండోస్ 11 డ్రైవర్ ఇవ్వనేలేదు.

ఇంకో మాట. 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాల సెట్ లేకపోతే విండోస్ 11 స్టార్టే (బూట్) అవదు. మహేష్ ఐ3కి అది ఉంది. అంతకన్నా పాత కోర్ 2 డుయో ప్రాసెసర్ పెట్టుకున్నవాళ్లు మాత్రం రూఫస్ మీద ఆశ వదులుకోవచ్చు.

సీమ_సుబ్బు
మహేషూ, తొందరపడాకు. విండోస్ 10కి ఈఎస్‌యూ అని ఇంకా 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తాండారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కట్టే పని కూడా లేదు, లేకుంటే 30 డాలర్లు. 22హెచ్2 వెర్షన్ ఉండాల. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనపడుతుంది. ఆ లోపల నిదానంగా లినక్స్ నేర్చుకో. ఇంట్లో పెద్దోళ్లకి రాత్రికి రాత్రి మార్చేస్తే ఎట్లా?

సిస్టమ్_సూరి
నేను బెజవాడలో సర్వీసు షాపు నడుపుతా. మూత తియ్యకుండా స్క్రాప్ అనడం ఏం పద్ధతండీ, చదువుతుంటేనే కోపం వచ్చింది. ఓఎస్ గొడవ తర్వాత పెట్టుకోండి, ముందు ఆ హార్డ్‌డిస్క్ సంగతి చూడండి. 5400 ఆర్‌పీఎం డిస్క్ మీద ఏ ఓఎస్ వేసినా నత్తనడకే. దాని బదులు 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి వేయించండి. ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ పెట్టండి, సెకండ్ హ్యాండ్‌ది చాలు. మీది రెండో తరం కాబట్టి మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 పనిచేస్తుంది. నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకైతే 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, ఇది చదివేవాళ్లలో ఎవరైనా కొంటుంటే చూసుకుని కొనండి.

ఎలాగూ విప్పుతారు గనక ఫ్యాన్ కూడా చూడండి. చాలామంది పైనుంచి బ్లోయర్ కొట్టి వదిలేస్తారు, దానివల్ల ఉపయోగం తక్కువ. ఫ్యాన్ మూత స్క్రూలు తీసి పక్కకి జరిపితే, ఫ్యాన్‌కీ రాగి హీట్‌సింక్ రెక్కలకీ మధ్య దుమ్ము మందంగా పొర కట్టి ఉంటుంది. దాన్ని ట్వీజర్‌తో ఒక కొసన పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఇన్నాళ్లూ వేడిగాలి బయటికి పోయే దారి అదే మూసేసింది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది, మనమేమో విండోస్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచేసి కొత్త థర్మల్ పేస్టు పెట్టి బిగించండి. "స్లో అయిపోయిందండీ" అని నా టేబుల్ మీదకి వచ్చేవాటిలో చాలావాటికి ఈ రెండు పనులే వైద్యం.

అర్ధరాత్రి_కోడర్
సూరి అన్న చెప్పింది కరెక్టే గానీ డబ్బులు పెట్టకుండా కూడా నడుస్తుంది బ్రో. యాంటీఎక్స్ అనే తేలికైన లినక్స్ వెయ్. ఆన్ చేయగానే 200 ఎంబీ అటూ ఇటూ తింటుంది అంతే. పప్పీ అనే ఇంకో లినక్స్ అయితే మొత్తం ర్యామ్‌లోకే ఎక్కి కూర్చుంటుంది, హార్డ్‌డిస్క్ తీసేసినా పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంది. 4 జీబీ అంటే వాటికి సముద్రం.

టెర్మినల్_తాత
తమ్ముడూ, యాంటీఎక్స్ నాకూ ఇష్టమే. కానీ ఓఎస్ 200 ఎంబీ తింటే ఏం, 700 తింటే ఏం? యూట్యూబ్ ఒక ట్యాబు, బ్యాంకు ఒక ట్యాబు, పేపరు ఒక ట్యాబు తెరిస్తే బ్రౌజరే రెండు జీబీ దాటిపోతుంది. బరువంతా అక్కడుంటే ఓఎస్‌లో 500 ఎంబీ మిగిల్చి ఏం బావుకుంటాం? అందుకే పెద్దవాళ్లకి నేను వేసేది లినక్స్ మింట్, అందులో తేలికగా నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. కింద ఎడమపక్క మెనూ, కుడిపక్క గడియారం, అలవాటైనట్టే ఉంటుంది. 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

మహేష్, ఏదీ చెరపకముందు పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా (ఇన్‌స్టాల్ చెయ్యకుండానే) నడిపి చూడు. ఆన్ చేస్తూ, దేన్నుంచి స్టార్ట్ కావాలో అడిగే బూట్ మెనూ తెరవాలి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచెయ్యాలంటే ముందు బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్స్)లో ఆన్ చెయ్యాల్సి రావచ్చు. వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, వెలుతురు పెంచే బటన్లు పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే లేస్తోందా, ఈ నాలుగూ అక్కడే తేలిపోతాయి. తర్వాత డిస్క్స్ అనే అప్లికేషన్ తెరిచి పాత హార్డ్‌డిస్క్ స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం చెప్పే లెక్కలు) చూడు. రీఅలొకేటెడ్ సెక్టార్ (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు) దగ్గర అంకె పెరుగుతూ ఉంటే ముందు ఫొటోలు బయటికి తియ్యి, మిగతావన్నీ ఆ తర్వాతే.

గోదారి_గట్టు
మింట్ నేనూ చూశానండీ, బాగుంటుంది, కాదనను. కానీ చెల్లి ప్రాజెక్టు మాటేంటి? కాలేజీలో వర్డ్ ఫైలే అడుగుతారు. లినక్స్‌లో వర్డ్ బదులు వాడే లిబ్రేఆఫీసులో తెరిస్తే పేజీలు అటూ ఇటూ జరుగుతాయి. మా ఇంట్లో దీనిమీద పెద్ద రభసే అయింది.

లక్ష్మి_డీటీపీ
గట్టు గారూ, పేజీలు జరగడానికి ఎక్కువగా కారణం ఫాంట్లే. వర్డ్‌లో కాలిబ్రి పెట్టి రాస్తే, అది లేని చోట కార్లిటో వాడాలి. రెండిటిలో అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు కదలవు. టైమ్స్ న్యూ రోమన్‌కి లిబరేషన్ సెరిఫ్ అలాంటిదే. అమ్మాయి చివర్లో పీడీఎఫ్ కూడా తీసి పెడితే ఏ గొడవా ఉండదు. పట్టికలు ఎక్కువున్న ఫైలైతే మాత్రం మీరన్నది నిజమే, ఒకసారి కాలేజీ ల్యాబ్‌లో తెరిచి చూసుకోవాలి.

సీమ_సుబ్బు
నా బాధ వేరే. లెక్కలు రాసే ట్యాలీ. దానికి లినక్స్ వెర్షన్ లేదు. డిజిటల్ సంతకం టోకెన్, బయోమెట్రిక్ యంత్రం లాంటివి కూడా చాలా మటుకు విండోస్‌ని నమ్ముకునే ఉండాయి. ఇట్లాంటి పని చేసేవాళ్లకి లినక్స్ వెయ్యమని సలహా ఇవ్వాకండి. వాళ్లు జీఎస్‌టీ రిటర్న్ చివరి రోజు మీ ఇంటి ముందరే కూర్చుంటారు.

టెర్మినల్_తాత
సుబ్బు మాటే నా మాట కూడా. మిషన్ వయసు చూసి కాదు, దాని మీద జరిగే పని చూసి ఓఎస్ వెయ్యాలి. పనంతా బ్రౌజర్‌లోనే అయ్యేవాళ్లకి లినక్స్, ట్యాలీ మీద బతికేవాళ్లకి విండోస్.

అర్ధరాత్రి_కోడర్
పనంతా బ్రౌజర్‌లోనే చేయించే ఓఎస్ క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ ఎవరూ చెప్పలేదేంటి? గూగుల్‌ది, ఫ్రీ, 4 జీబీ ర్యామ్ చాలు. పెద్దవాళ్లకి దానికంటే సింపుల్ ఏదీ లేదు.

సిస్టమ్_సూరి
ఫ్లెక్స్ ఒకరిద్దరికి వేశా. నెట్ ఉన్నంతసేపు హాయి. కానీ మామూలు క్రోమ్‌బుక్‌లో వచ్చే ఆండ్రాయిడ్ యాప్‌లు ఇందులో రావు, అది ముందే చెప్పాలి. గూగుల్ దగ్గర సర్టిఫై అయిన మోడళ్ల లిస్టు ఉంది, ఒక్కో మోడల్‌కి ఏ సంవత్సరం దాకా సపోర్టో అందులోనే రాసి ఉంటుంది. అది చూడకుండా వేస్తే మళ్లీ ఇదే తలనొప్పి.

మానుకోట_మహేష్
అందరు చెప్పినట్టె చేసిన. ఎస్ఎస్‌డీ వేసిన, ఇంకో 4 జీబీ కలిపిన, సూరన్న చెప్పినట్టె ఫ్యాన్ కాడ దుమ్ము తీపిచ్చిన. మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ఎక్కింది. ఆన్ చేస్తే చాయ్ పోసుకునేంత టైం పడుతుండె, ఇప్పుడు కూసునేలోపే వచ్చేస్తున్నది. రెండు చిక్కులున్నయి. ఒకటి, వైఫై అస్సలు కనిపిస్త లేదు. రెండు, యూట్యూబ్ పెద్ద స్క్రీన్ చేస్తే ఫ్యాన్ మోత, వీడియో ఆగాగి పోతున్నది.

టెర్మినల్_తాత
వైఫై: ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి పంచడం) ఆన్ చెయ్యి. లినక్స్ దాన్ని నెట్ కేబుల్ లాగే చూస్తుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. అప్పుడు మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరువు. ఆ కాలపు బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డు అయితే అక్కడే పేరు చూపిస్తుంది, సెలెక్ట్ చేసి ఇన్‌స్టాల్ కొట్టి రీస్టార్ట్ చెయ్యి.

వీడియో: యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1 ఫార్మాట్లు. రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వాటిని విప్పే చేవ లేదు, పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. హెచ్.264 అనే పాత ఫార్మాట్ అయితే ఆ గ్రాఫిక్స్ చిప్పే చూసుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్.264 మాత్రమే పంపుతుంది. అలాగే వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే ఐ965 వీఏ డ్రైవర్ ప్యాకేజీ ఉందో లేదో చూడు. కొత్త ఇంటెల్ మీడియా డ్రైవర్ అయిదో తరం నుంచే పనిచేస్తుంది, నీకు కావలసింది పాతది. వీడియో క్వాలిటీ 720 దగ్గర పెట్టుకుంటే ఇంకా హాయి.

మానుకోట_మహేష్
వైఫై వచ్చింది తాతా. ఎక్స్‌టెన్షన్ వేసినంక ఫ్యాన్ సప్పుడు కూడ లేదు. బాపు పొద్దటి సంది అదే చూస్తున్నడు, మమ్మల్ని దగ్గరికి రానిస్త లేడు.

సిస్టమ్_సూరి
రెండు వేలకి ఇవ్వకపోవడం మంచిదైంది 😀

బడిపంతులు
మహేష్ గారి పని అయింది గనక నా సమస్య అడుగుతాను. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల మాది. ల్యాబులో కోర్ 2 డుయో డెస్క్‌టాపులు మూలపడి ఉన్నాయి, 2 జీబీ ర్యామ్. ఒకదానిలో మింట్ వేశాను, ఎక్కింది. కానీ ఏ వెబ్‌సైటు తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. వైరస్ ఏమైనానా?

సిస్టమ్_సూరి
మాస్టారూ, గడియారం చూడండి. పవర్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. మీ మిషన్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే అన్ని సైట్లనీ అనుమానిస్తుంది. కిరాణా కొట్లో కూడా దొరికే బిళ్ల అది, మార్చేస్తే సరి.

బడిపంతులు
సరిగ్గా అదేనండీ, తేదీ 2009 జనవరి 1 చూపిస్తోంది! అన్నిటికీ బ్యాటరీలు తెప్పిస్తాను. పిల్లలకి జీకాంప్రిస్ (చదువు ఆటలు), టక్స్ పెయింట్ (బొమ్మలు), జియోజెబ్రా (గణితం) వేద్దామని నా కోరిక. కేరళలో ప్రభుత్వ బడులన్నీ ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడ కైట్ సంస్థ బడుల కోసమే ఒక ఓఎస్ తయారుచేసి ఇస్తోంది. మన దగ్గర ఎవరో ఒక టీచరు పట్టుబడితే తప్ప కదలదు. మా పిల్లల్లో చాలామందికి బొమ్మ గీసే మౌస్ పట్టుకోవడం ఇక్కడే మొదటిసారి. ఆ డెస్క్‌టాపుల్ని వేలంలో తూకానికి పోనివ్వడం నాకిష్టం లేదు.

అర్ధరాత్రి_కోడర్
సార్, 2 జీబీ అయితే జీర్యామ్ ఆన్ చెయ్యండి. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి వాడుకుంటుంది, ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకునే స్వాప్‌కి వెళ్లే అవసరం తగ్గుతుంది. అన్నీ ఒకేచోట నుంచి చూసుకోవాలంటే ఎల్‌టీఎస్‌పీ ఉంది. ఒక మంచి మిషన్ సర్వర్‌గా పెడితే మిగతావి నెట్‌వర్క్ మీదే బూట్ అవుతాయి, వాటికి హార్డ్‌డిస్క్ కూడా అక్కర్లేదు. సెలవుల్లో ఇంటికొస్తున్నా, మాది పలాస. పిలిస్తే వచ్చి సెట్ చేసి వెళ్తా.

బడిపంతులు
తప్పకుండా రా బాబూ. భోజనం మా ఇంట్లో.

ఎన్‌జే_కిరణ్
నాది 2013 మ్యాక్‌బుక్ ఎయిర్. యాపిల్ దానికి బిగ్ సర్ అనే మ్యాక్ఓఎస్ వెర్షన్‌తో ఆపేసింది. ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ అనే టూల్‌తో కొత్త మ్యాక్ఓఎస్ వెయ్యొచ్చని తెలుసు, వేసి చూశాను కూడా. 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచే వీల్లేదు, అందుకే మింట్‌కి మారాను. వైఫై తాతగారు చెప్పిన టెథరింగ్ పద్ధతిలోనే వచ్చింది. కెమెరా డ్రైవర్ మాత్రం కర్నెల్ (లినక్స్ మూల భాగం)లో లేదు, ఫేస్‌టైమ్ హెచ్‌డీ అని ఎవరో రివర్స్ ఇంజినీరింగ్ చేసి రాసిన డ్రైవర్ విడిగా కంపైల్ చెయ్యాలి (కోడ్ నుంచి మనమే తయారుచేసుకోవాలి). వీడియో కాల్స్ కోసమే వాడేవాళ్లు ఇది ఆలోచించుకోండి. తెనాలిలో అమ్మావాళ్లతో మాట్లాడడానికి నేను చివరికి ఒక యూఎస్‌బీ కెమెరా కొన్నా.

లక్ష్మి_డీటీపీ
నేనూ తెనాలేనండీ. ఇంతకీ నా గోడు వినండి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు, అన్నీ పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లు. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, అందుకని పాత విండోస్ ఎక్స్‌పీ మిషన్‌ని వదల్లేకపోతున్నా. అది ఆగిపోతే నా కొట్టు ఆగిపోతుంది. దీనికి దారుందా?

టెర్మినల్_తాత
ఉందమ్మా. లినక్స్ మీద వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి దానిలోపల ఎక్స్‌పీ పెట్టుకో. ఎక్స్‌పీకి 1 జీబీ ర్యామ్ ఇస్తే పేజ్‌మేకర్‌కి కావలసినంత. రెండు జాగ్రత్తలు. వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ తీసెయ్, దానికి ఇంటర్నెట్ ఇవ్వనే వద్దు. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచు. పేజీ పూర్తయ్యాక పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్ భాష) ఫైలుగా ప్రింట్ తీసి, ఇవతల లినక్స్‌లో గోస్ట్‌స్క్రిప్ట్ అనే టూల్‌తో పీడీఎఫ్ చెయ్యి. ఆ వర్చువల్ డిస్క్ ఫైలు ఒక్కటి కాపీ తీసి పెట్టుకుంటే మీ కొట్టు మొత్తం జేబులో ఉన్నట్టే. మిషన్ పోయినా ఇంకో మిషన్‌లో అదే తెరుచుకుంటుంది.

కొత్త పనులు మాత్రం మెల్లగా స్క్రైబస్ అనే ఉచిత డీటీపీ సాఫ్ట్‌వేర్‌కి మార్చుకో. 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగానే వస్తాయి. పోతన, వేమన ఫాంట్లు ప్యాకేజీగానే దొరుకుతాయి, సురవరం, మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

లక్ష్మి_డీటీపీ
నా వేళ్లకి యాపిల్ అనే తెలుగు కీబోర్డ్ లేఅవుటే వచ్చు. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ ఇప్పుడు నేర్చుకోమంటే నా వల్ల కాదు.

టెర్మినల్_తాత
లినక్స్‌లో మన భాషలు టైప్ చేయించే ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగు కింద యాపిల్ లేఅవుట్ కూడా కనపడుతుంది. వేళ్లు మార్చుకోనక్కర్లేదు.

గోదారి_గట్టు
ఇవన్నీ చదివాక ఒకటి అడగాలనిపించింది. మా అటక మీద 2009 నాటి బుల్లి నెట్‌బుక్ ఉంది, ఆటమ్ ఎన్270, 1 జీబీ. దానికేమైనా వేద్దామా?

అర్ధరాత్రి_కోడర్
గట్టు అంకుల్ కూడా వచ్చేశారు మన వైపు! ఎన్270 అంటే పాత 32-బిట్ ప్రాసెసర్. మింట్ రాదు. డెబియన్ అనే ఇంకో లినక్స్ ఉంది, దాని 13వ వెర్షన్ నుంచి 32-బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, డెబియన్ 12కి 2028 జూన్ దాకా ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) ఉంది. యాంటీఎక్స్ 32-బిట్ దొరుకుతుంది. బ్రౌజర్ దగ్గరే ఇబ్బంది. క్రోమ్ 32-బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది, దాని ఎక్కువకాలం సపోర్టుండే పాత వెర్షన్ ఈఎస్ఆర్ 140 ఒక్కటే 2026లో కొన్నాళ్లు. అందుకని బ్యాంకు పనులు దాంట్లో వద్దు. పాటల పెట్టెగానో, రాసుకోడానికో, ఇంటి ఫైల్ సర్వర్‌గానో వాడండి. సరదా అయితే హైకూ అనే వేరే ఓఎస్ వేసి చూడండి. 2024 సెప్టెంబర్‌లో బీటా 5 వచ్చింది, 32-బిట్‌ది కూడా ఉంది. అంత చిన్న మిషన్‌లో కిటికీలు అంత చకచకా కదలడం నేను ఇంకెక్కడా చూడలేదు.

గోదారి_గట్టు
పాటల పెట్టె ఆలోచన బావుంది. ఘంటసాల పాటలన్నీ ఒక డిస్క్‌లో ఉన్నాయి. ఈ ఆదివారం దింపుతా.

మానుకోట_మహేష్
ఆఖరికి ఒక్కటి. ఇంట్ల పాత హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఉన్నది. మింట్‌కు పెట్టొచ్చునా? చెల్లె ప్రాజెక్ట్ ప్రింట్ తియ్యాలె.

సిస్టమ్_సూరి
పెట్టొచ్చు. హెచ్‌పీలిప్ అనే ప్యాకేజీ ఉంటుంది, అందులో సెటప్ నడుపు. మధ్యలో ప్లగిన్ (అదనపు ఫైలు) దించుకోమని అడుగుతుంది, వద్దనకు, ఓకే కొట్టు. 1020 తన ఫర్మ్‌వేర్‌ని (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) తనలో దాచుకోదు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే పంపాలి. ఆ ఫర్మ్‌వేర్ ఉండేది ప్లగిన్‌లోనే. అందుకని ముందు ల్యాప్‌టాప్ ఆన్ చేసి, తర్వాత ప్రింటర్ స్విచ్ వెయ్యమని చెల్లికి చెప్పు.